శిక్ష పడిన తర్వాత: లైంగిక దాడి కేసుల్లో అప్పీలు నడిచే దారి

లైంగిక దాడి కేసులో సెషన్స్ జడ్జి తీర్పు చదివి శిక్ష ప్రకటించిన రోజున కేసు ముగిసిందని అందరూ అనుకుంటారు. చట్టం లెక్కలో అది సగం దారి మాత్రమే. సెషన్స్ కోర్టు దోషిగా తేల్చిన ప్రతి మనిషికీ హైకోర్టుకు అప్పీలు చేసుకునే హక్కు ఉంది. అది కోర్టు దయతలచి ఇచ్చేది కాదు, అడిగితే కాదనడానికి వీల్లేనిది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఈ హక్కు 374వ సెక్షన్‌లో ఉండేది. 2024 జూలై 1న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చాక అది 415వ సెక్షన్ అయింది. నంబరు మారింది గాని సారం మారలేదు. 2018 సవరణ తర్వాత అత్యాచారానికి కనీస శిక్షే పదేళ్లు కాబట్టి ఇలాంటి కేసు దాదాపు ఎప్పుడూ హైకోర్టు గుమ్మం తొక్కుతుంది.

చెన్నై వాయవ్య దిక్కున ఉన్న అంబత్తూరును తీసుకుంటే ఈ దారి కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. 1964లో మొదలైన పారిశ్రామిక వాడ చుట్టూ పెరిగిన ఊరది. తమిళుల మధ్య తెలుగు కుటుంబాలూ, పని కోసం నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లూ అక్కడ కనిపిస్తారు. 2011లో చెన్నై కార్పొరేషన్‌లో, 2018లో చెన్నై రెవెన్యూ జిల్లాలో కలిసింది. పోలీసు వ్యవస్థకు సంబంధించి 2022 నుంచి ఆవడి కమిషనరేట్ కిందికి వచ్చింది. ఫిర్యాదు సాధారణంగా మహిళా పోలీస్ స్టేషన్‌లో నమోదవుతుంది. తమిళనాడులో ఇలాంటి స్టేషన్లు 1992లో మొదలయ్యాయి. ఈ ప్రాంతపు కేసులు చాలాకాలంగా తిరువళ్ళూరు మహిళా కోర్టులో విచారణకు వస్తున్నాయి. శిక్ష పడితే మగ ఖైదీని పంపేది అంబత్తూరుకు దగ్గర్లోనే ఉన్న పుళల్ కేంద్ర కారాగారానికి. అప్పీలు వినేది 1862లో ఏర్పడిన మద్రాసు హైకోర్టు.

తీర్పు వచ్చిన 60 రోజుల్లో హైకోర్టులో అప్పీలు దాఖలు చేయాలి. మరణశిక్ష అయితే గడువు 30 రోజులే. ఆలస్యమైతే సరైన కారణం చూపించి మన్నించమని అడగవచ్చు. లాయరును పెట్టుకునే స్తోమత లేని ఖైదీ జైలు అధికారి చేతికి అప్పీలు కాగితం ఇస్తే చాలు, దాన్ని కోర్టుకు పంపడం ఆ అధికారి బాధ్యత. జైల్లో ఉన్న మనిషికి ఆదాయం ఎంతైనా ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉందని 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం చెబుతోంది. లాయరు రాలేదన్న కారణంతో అప్పీలును కొట్టేయడానికి వీల్లేదని, రికార్డు చదివి మంచిచెడ్డలు తేల్చాల్సిందేనని 1996లో బనీసింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

యావజ్జీవం కన్నా తక్కువ శిక్షలను హైకోర్టులో సాధారణంగా ఒక్క న్యాయమూర్తి వింటారు. యావజ్జీవమూ మరణశిక్షా ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ముందుకు వెళ్తాయి. మరణశిక్షలో అయితే ఖైదీ అప్పీలు చేసుకోకపోయినా హైకోర్టు ధ్రువీకరించేదాకా ఉరి అమలు కాదు. కింది కోర్టు రికార్డు మొత్తం తెప్పించి, సాక్షుల వాంగ్మూలాలు, వైద్య నివేదికలు, ల్యాబ్ నివేదికలు, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితాలు వరసగా టైపు చేయించి కట్టగా కుడతారు. అప్పీలు నడిచేది ఆ కాగితాల కట్ట మీదే. సాక్షులెవరూ మళ్లీ బోను ఎక్కరు. బాధితురాలిని మళ్లీ ప్రశ్నించరు. అదనపు సాక్ష్యం తప్పనిసరి అనిపిస్తే తీసుకునే అధికారం ఉన్నా, దాన్ని అరుదుగా వాడతారు.

అందువల్లే ఈ కేసుల్లో పైకోర్టు తీర్పు చాలావరకు మొదటి పది పదిహేను రోజుల్లో జరిగిన పనిమీద ఆధారపడుతుంది. ఎఫ్‌ఐఆర్ ఎప్పుడు రాశారు, వైద్య పరీక్ష ఎన్ని గంటలకు చేశారు, బట్టలకు సీలు ఎవరు వేశారు, ఆ సీలు ల్యాబ్‌కు చేరేవరకు ఎవరి దగ్గరుంది, మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఎప్పుడు నమోదైంది లాంటివి ఆ వేళ చిన్న విషయాల్లా కనిపిస్తాయి. ఏడేళ్ల తర్వాత హైకోర్టులో ఇవే కేసును నిలబెడతాయి, లేదా కూలదోస్తాయి. జనం కోపం తీర్పు రోజున కనిపిస్తుంది. కాని ఆ కోపం అవసరమయ్యేది అంతకు చాలా ముందు, స్టేషన్‌లోనూ ఆసుపత్రిలోనూ పని జాగ్రత్తగా జరుగుతోందా లేదా అని అడిగే వేళ.

అప్పీలు దాఖలైన వెంటనే మొదటి పోరాటం శిక్ష నిలుపుదల మీద జరుగుతుంది. అప్పీలు తేలేదాకా శిక్ష అమలు ఆపి బెయిలు ఇమ్మని ముద్దాయి కోరతాడు. పదేళ్లు, అంతకు మించిన శిక్ష వేయదగ్గ నేరమైతే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే అవకాశం ఇవ్వకుండా కోర్టు విడుదల చేయకూడదు. శిక్ష నిలిపినంత మాత్రాన నేరం తుడిచిపెట్టుకుపోదు. మనిషి బయటికి వస్తాడు గాని దోషిగానే మిగులుతాడు. అప్పీలు ఓడితే తిరిగి లొంగిపోవాలి. ఈ తేడా ఊళ్లో అందరికీ తెలియదు. ముద్దాయి వీధిలో తిరుగుతూ కనిపిస్తే కేసు కొట్టేశారన్న మాట పాకిపోతుంది. ఆ మాట బాధితురాలి ఇంటిని ఎంత కుంగదీస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

అత్యాచార శిక్షలపై వచ్చే అప్పీళ్లను ఆరు నెలల్లో తేల్చాలని 2018లో పార్లమెంటు చట్టంలోనే రాసింది. కొత్త సంహితలోనూ ఆ మాట ఉంది. ఆచరణలో మాత్రం అప్పీళ్లు ఏళ్ల తరబడి వరుసలో ఉండిపోవడం మామూలే. గడువు దాటితే ఏం జరగాలో చట్టం చెప్పలేదు. ఫలితం లేని గడువు కోర్టుల్లో వేగం తేలేదు.

వాదనలు మొదలయ్యాక ప్రధానంగా చర్చకు వచ్చేది బాధితురాలి మాట. ఆమె వాంగ్మూలం నమ్మదగ్గదైతే మరో సాక్షి బలం అక్కర్లేదని సుప్రీంకోర్టు 1983లో భర్వాడా భోగిన్‌భాయ్ కేసులోనూ, 1996లో గుర్మీత్‌సింగ్ కేసులోనూ తేల్చింది. పరువు పోతుందన్న భయంతో ఫిర్యాదు ఆలస్యం కావడం సహజమే గాని అది అబద్ధానికి గుర్తు కాదని కూడా ఆ తీర్పులు గుర్తించాయి. అయితే ఒక్క సాక్షి మీదే శిక్ష నిలవాలంటే ఆ మాట మొదటినుంచి చివరిదాకా ఒకేలా, మిగతా సాక్ష్యాలతో పొసిగేలా ఉండాలని 2012లో రాయ్ సందీప్ కేసు చెప్పింది. డిఫెన్స్ లాయరు ఎప్పుడూ ఈ చివరి తీర్పు పట్టుకుంటాడు, ప్రాసిక్యూటర్ మొదటివి పట్టుకుంటాడు. న్యాయమూర్తి చూసేది తేడాలు ఎన్ని అన్నది కాదు, ఆ తేడాలు అసలు విషయాన్ని కదిలిస్తున్నాయా అన్నది. రాత్రి ఎన్ని గంటలు, ఏ రంగు చొక్కా లాంటి చోట్ల తడబాటు ఉంటే అది మనిషి జ్ఞాపకానికి ఉండే లోపమే.

ఒకప్పుడు వైద్య నివేదికలోని ఒక వాక్యం ఈ అప్పీళ్లను మలుపు తిప్పేది. రెండు వేళ్ల పరీక్ష చేసి, బాధితురాలికి లైంగిక సంబంధాలు అలవాటే అని డాక్టరు రాసేవాడు. ఆ మాటకు సాక్ష్యంగా విలువ లేదు, ఆమె గౌరవాన్ని మాత్రం అది గాయపరుస్తుంది. 2013లోనే సుప్రీంకోర్టు దీన్ని తప్పుబట్టింది. అయినా తమిళనాడులో ఆ పరీక్ష నడుస్తూనే ఉండటం చూసి, 2022 ఏప్రిల్‌లో పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద పడిన ఒక శిక్షపై అప్పీలు వింటూ మద్రాసు హైకోర్టు దాన్ని వెంటనే నిషేధించమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. అదే ఏడాది అక్టోబరు 31న జార్ఖండ్‌కు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు, హైకోర్టు విడిచిపెట్టిన ముద్దాయికి శిక్షను తిరిగి ఖాయం చేస్తూ, ఈ పరీక్ష చేసిన వైద్యులు దుష్ప్రవర్తన కింద జవాబు చెప్పుకోవాల్సి ఉంటుందని హెచ్చరించింది.

అప్పీలులో శిక్ష నిలబడిన తీర్పుల్లో తమిళ నేలమీద అన్నిటికన్నా పెద్దది వాచాత్తి. ధర్మపురి జిల్లాలో సిత్తేరి కొండల కింద ఉన్న ఆ గిరిజన గ్రామం మీద 1992 జూన్ 20న అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది గంధపు చెక్కల కోసమంటూ విరుచుకుపడ్డారు. ఇళ్లు ధ్వంసం చేశారు, మనుషుల్ని కొట్టారు. పద్దెనిమిది మంది స్త్రీల మీద అత్యాచారం జరిగింది. ఆ తర్వాత ఆ స్త్రీలనే నిందితులుగా జైల్లో పెట్టారు. ఏమీ జరగలేదని ప్రభుత్వ యంత్రాంగం కొట్టిపారేసింది. గిరిజన సంఘం, వామపక్ష కార్యకర్తలు పట్టువదలకుండా పోరాడాక 1995లో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. చార్జిషీటులో 269 మంది ప్రభుత్వోద్యోగుల పేర్లు చేరాయి.

విచారణ ముగిసేసరికి పందొమ్మిదేళ్లు గడిచాయి. 54 మంది నిందితులు మధ్యలోనే చనిపోయారు. 2011 సెప్టెంబరు 29న ధర్మపురి సెషన్స్ కోర్టు మిగిలిన 215 మందినీ దోషులుగా తేల్చింది. వారిలో 17 మందిపై అత్యాచార నేరం రుజువైంది. దోషులు హైకోర్టుకు వెళ్లారు. మరో పన్నెండేళ్లు. 2023 మార్చిలో న్యాయమూర్తి పి. వేల్‌మురుగన్ స్వయంగా వాచాత్తి వెళ్లి, సంఘటన జరిగిన చోట్లను చూసివచ్చారు. అప్పీలు వినే న్యాయమూర్తి కాగితాలు దాటి నేలమీదికి నడవడం చాలా అరుదు. సరిగ్గా పన్నెండేళ్ల తర్వాత, 2023 సెప్టెంబరు 29న ఆయన అప్పీళ్లన్నిటినీ కొట్టేశారు. చదువులేని స్త్రీలు చెప్పిన మాటల్లో చిన్న తేడాలున్నా అసలు విషయం చెక్కుచెదరలేదని, భయం గుప్పిట్లో బతికినవాళ్లు ఆలస్యంగా నోరు విప్పడం అర్థం చేసుకోదగ్గదేనని ఆ తీర్పు తేల్చింది. ఒక్కో బాధితురాలికి పది లక్షల రూపాయలు చెల్లించాలని, అందులో సగం అత్యాచారం చేసినవారి నుంచి రాబట్టాలని ఆదేశించింది. అప్పటి కలెక్టరు, ఎస్పీ, జిల్లా అటవీ అధికారులపైనా చర్య తీసుకోమంది.

వాచాత్తిలో డీఎన్‌ఏ లేదు, సీసీటీవీ లేదు. ఉన్నవల్లా మనుషుల మాటలే. అవి ముప్పై ఏళ్లు నిలిచాయి.

అదే రాష్ట్రంలో, ఆధునిక పరీక్షలన్నీ అందుబాటులో ఉన్న మరో కేసు సుప్రీంకోర్టులో కూలిపోయింది. అంబత్తూరుకు దక్షిణాన, పోరూరు దగ్గరి ముగలివాక్కంలో 2017 ఫిబ్రవరిలో ఏడేళ్ల పాపను లైంగికంగా హింసించి చంపేశారు. చెన్నై మొత్తం అట్టుడికిపోయింది. అదే అపార్టుమెంటులో ఉండే ఓ యువకుణ్ణి అరెస్టు చేశారు. 2018 ఫిబ్రవరిలో చెంగల్పట్టు మహిళా కోర్టు మరణశిక్ష విధించింది. అదే ఏడాది జూలైలో హైకోర్టు ధ్రువీకరించింది. 2025 అక్టోబరు 8న సుప్రీంకోర్టులో న్యాయమూర్తులు విక్రమ్‌నాథ్, సంజయ్ కరోల్, సందీప్ మెహతా అతణ్ణి నిర్దోషిగా విడిచిపెట్టారు.

ఆ తీర్పు చూపిన లోపాలు రెండు రకాలు. ఒకటి, సాక్ష్యం గొలుసు తెగిపోయింది. పాపతో చివరిసారి కనిపించాడన్న సాక్ష్యం, సీసీటీవీ దృశ్యాలు, ఒప్పుకోలు ఆధారంగా దొరికాయన్న వస్తువులు, ల్యాబ్ నమూనాలు అన్నీ సందేహాలకు తావిచ్చాయి. ప్రత్యక్ష సాక్షి లేని కేసులో ప్రతి పరిస్థితీ నేరం వైపు మాత్రమే వేలు చూపాలి, మధ్యలో ఒక్క లంకె విడిపోయినా గొలుసు నిలవదు. రెండోది ఇంకా బాధ కలిగించేది. ఆరోపణలు ఖరారు చేసే రోజున ముద్దాయి తరఫున లాయరే లేడు. న్యాయ సహాయ లాయరును సాక్షుల విచారణ మొదలవుతున్న వేళ నియమించారు. దోషిగా తేల్చిన రోజే, శిక్ష తగ్గించదగ్గ పరిస్థితులేమైనా ఉన్నాయా అని చూడకుండా ఉరి ఖరారు చేశారు.

ఆ పాప తల్లిదండ్రుల స్థానంలో నిలబడి చూస్తే, ఆ తొందర వాళ్లకు మేలు చేయలేదు. ఏడాదిలో తీర్పు వచ్చింది. ఎనిమిదేళ్ల తర్వాత నేరం చేసింది ఎవరన్న ప్రశ్న మళ్లీ మొదటికి వచ్చింది. ముద్దాయికి లాయరు ఉండటం బాధితులకు వ్యతిరేకం అనుకునేవాళ్లు ఈ కేసును శ్రద్ధగా చదవాలి. మంచి డిఫెన్స్ లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలదీసిన సాక్ష్యమే అప్పీలులో నిలుస్తుంది. మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాలో 2013లో తొమ్మిదేళ్ల పాప కేసు కూడా రెండు వారాల్లోపే మరణశిక్షతో ముగిసింది. లాయరుకు కాగితాలు చదివే వ్యవధి ఇవ్వలేదని 2019లో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసి మళ్లీ విచారించమంది. యావజ్జీవం, మరణశిక్ష పడే కేసుల్లో కనీసం పదేళ్ల అనుభవం ఉన్న లాయరునే నియమించాలని, సిద్ధం కావడానికి మామూలుగా ఏడు రోజులైనా ఇవ్వాలని ఆ తీర్పే నియమం చేసింది.

తెలుగువారికి ఈ సంగతి కొత్త కాదు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో ఒక ఫార్మసీ విద్యార్థిని అత్యాచారానికి, హత్యకు గురైంది. నెలల తర్వాత పోలీసులు ఒక పేద యువకుణ్ణి పట్టుకున్నారు. అసలు నేరస్థులను వదిలేశారని, అతడు కాదని బాధితురాలి తల్లిదండ్రులే మొదటినుంచి గొంతెత్తి చెప్పారు. 2010లో మహిళా సెషన్స్ కోర్టు అతనికి యావజ్జీవం వేసింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టులో న్యాయమూర్తులు సి.వి. నాగార్జునరెడ్డి, ఎం.ఎస్.కె. జైస్వాల్ ఆ శిక్షను రద్దుచేసి అతణ్ణి విడుదల చేశారు, లక్ష రూపాయలు చెల్లించమన్నారు. అప్పటికి అతడు ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాడు. 2018లో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. బాధితురాలి తల్లీ, శిక్షపడిన కొడుకు తల్లీ ఒకే న్యాయం అడిగిన కేసు ఇది. అప్పీలంటే దోషికి తప్పించుకునే దొడ్డిదారి అనే మాటకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

అన్ని అప్పీళ్లూ విడుదలతోనో, పూర్తి తిరస్కారంతోనో ముగియవు. కొన్నిట్లో నేరం నిలిచి శిక్ష మారుతుంది. 2019 జూన్‌లో హనుమకొండలో తొమ్మిది నెలల పసికందు మీద జరిగిన ఘోరానికి, రెండు నెలలు నిండకముందే ఆగస్టు 8న వరంగల్ కోర్టు మరణశిక్ష వేసింది. నవంబరులో తెలంగాణ హైకోర్టు నేరాన్ని ఖాయం చేస్తూనే, శిక్షను చనిపోయేదాకా జైలుగా మార్చింది. నేరం జరిగిన రోజున ఉన్న చట్టం ప్రకారమే శిక్ష వేయాలన్న రాజ్యాంగ నియమం కూడా అప్పీళ్లలో తరచూ ముందుకొస్తుంది. పోక్సోలో చొచ్చుకుపోయే తరహా తీవ్రమైన లైంగిక దాడికి 2019 దాకా కనీస శిక్ష పదేళ్లు, ఆ తర్వాత ఇరవై. పాత నేరానికి కొత్త శిక్ష వేసిన తీర్పులు పైకోర్టులో సరిదిద్దుకోవాల్సి వస్తున్నాయి.

అప్పీలు చేసుకున్న పాపానికి శిక్ష పెరగకూడదన్నది ఇంకో నియమం. 2003లో తమిళనాడులో ఒక పొరుగింటి వ్యక్తి స్త్రీ ఇంట్లోకి చొరబడి ఆమె గౌరవానికి భంగం కలిగించాడు. మర్నాడే ఆమె బిడ్డతో సహా ప్రాణం తీసుకుంది. ఆత్మహత్యకు ప్రేరేపించిన నేరం మీద కింది కోర్టు అతణ్ణి విడిచిపెట్టి, మిగతా నేరాలకు శిక్షించింది. అతడు అప్పీలు చేసుకుంటే మద్రాసు హైకోర్టు తనంతట తాను ఆ ప్రేరణ నేరాన్ని కూడా కలిపి శిక్ష వేసింది. 2025 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది. శిక్ష పెంచాలంటే ప్రభుత్వమో, బాధితులో విడిగా పైకోర్టుకు రావాలి. ఆ స్త్రీ కథ చదివినవాళ్లకు ఈ తీర్పు మింగుడుపడదు. కాని అప్పీలుకు పోతే ఉన్నదీ పోతుందన్న భయం ఉంటే నిరపరాధి కూడా పైకోర్టు మెట్లెక్కడు.

మద్రాసు హైకోర్టును ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది ఇంకో తరహా అప్పీలు. పద్దెనిమిది నిండని అమ్మాయి, ఇరవై దాటని అబ్బాయి ఇష్టపడి వెళ్లిపోతారు, తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తారు. పోక్సో ప్రకారం మైనరు సమ్మతికి విలువ లేదు. 2019 ఏప్రిల్‌లో నామక్కల్ కేసు అప్పీలు తేలుస్తూ న్యాయమూర్తి వి. పార్తిబన్, పదహారేళ్లు దాటినవారి ఇష్టపూర్వక సంబంధాలను ఈ చట్టం నుంచి వేరుచేయమని సూచించారు. చట్టం మారలేదు. దాంతో సుప్రీంకోర్టు 142వ అధికరణ కింద తనకున్న ప్రత్యేకాధికారాన్ని ఒక్కో కేసులో వాడుతోంది. మేనకోడల్ని పెళ్లాడి, పోక్సో కింద శిక్షపడిన తమిళనాడు వ్యక్తి శిక్షను 2022 మేలో, వాళ్లు పిల్లలతో కాపురం చేసుకుంటున్నారని రద్దు చేసింది. మేనరికం తెలుగు ఇళ్లలోనూ ఉన్నదే కాబట్టి ఈ కేసు ఇక్కడివారికీ దగ్గరగానే తగులుతుంది. అయితే ఇందులో ఒక ప్రమాదం దాగుంది. పెళ్లి చేస్తే కేసు పోతుందన్న సంకేతం వెళ్తే, బలవంతం చేసినవాడికే పిల్లను కట్టబెట్టే ఒత్తిడి పెరుగుతుంది. అమ్మాయి నిజంగా ఏం కోరుకుంటోందో ఇంటివాళ్లు లేనిచోట అడిగి తెలుసుకోవాలి.

పైకోర్టు కూడా పొరపాటు చేయవచ్చు. 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం ఒక అప్పీలులో, బట్టల మీదనుంచి తాకితే అది పోక్సో లైంగిక దాడి కాదంటూ శిక్ష తగ్గించింది. దేశమంతా విస్తుపోయింది. ఆ ఏడాది నవంబరు 18న సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చి, చూడాల్సింది లైంగిక ఉద్దేశాన్ని గాని చర్మం తగిలిందా లేదా అన్నది కాదని తేల్చింది.

ఇదంతా జరిగేటప్పుడు బాధితురాలు ఎక్కడ ఉంటుంది? చాలాకాలం ఆమె ఊసే ఉండేది కాదు, కేసు ప్రభుత్వానికీ ముద్దాయికీ మధ్యే. 2009 డిసెంబరు 31న అమల్లోకి వచ్చిన సవరణతో, ముద్దాయిని విడిచిపెట్టినా, తక్కువ నేరానికి శిక్షించినా, పరిహారం చాలకపోయినా ఆమె స్వయంగా అప్పీలు చేసుకునే హక్కు దక్కింది. ఇందుకు కోర్టు అనుమతి ముందుగా తీసుకోనక్కర్లేదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. విచారణలో, బెయిలు వాదనల్లో ఆమె మాట వినాల్సిందేనని 2022లో లఖీంపూర్ ఖేరీ కేసులో చెప్పిన సూత్రం ఈ కేసులకూ ఆసరా. ఆమెకూ ఉచిత లాయరు దొరుకుతాడు. స్త్రీ అయితే ఆదాయంతో పనిలేదు. తీర్పులో ఆమె పేరు రాయకూడదు, పత్రికలూ రాయకూడదు. పత్రికలు రాస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద అది నేరం. కాని ఒకటి లోపించింది. అప్పీలు దాఖలైందని, ముద్దాయి శిక్ష నిలిపారని, తీర్పు వాయిదా పడిందని ఆమెకు వేళకు చెప్పే మనిషి చాలా కేసుల్లో ఉండడు. అంబత్తూరు కాలనీలో అద్దె ఇల్లు మారిన కుటుంబానికి హైకోర్టు నోటీసు చేరకపోవచ్చు. స్టేషన్‌లోనూ, జిల్లా న్యాయసేవల సంస్థలోనూ కొత్త చిరునామా, ఫోను నంబరు ఇచ్చి ఉంచుకోవడం చిన్న పనే అయినా తప్పనిసరి.

హైకోర్టు తర్వాత సుప్రీంకోర్టు. అక్కడికి వెళ్లడం చాలావరకు హక్కు కాదు, 136వ అధికరణ కింద ప్రత్యేక అనుమతి అడగాలి. అయితే విడుదలను హైకోర్టు తిప్పి పదేళ్లు, అంతకు మించి శిక్ష వేస్తే హక్కుగానే వెళ్లవచ్చు. రెండు కోర్టులూ ఒకే మాట చెప్పినప్పుడు సుప్రీంకోర్టు సాధారణంగా వాస్తవాల్లోకి దిగదు. ముగలివాక్కం లాంటిచోట దిగుతుంది. ఆపైన పునఃసమీక్ష, క్యూరేటివ్ పిటిషన్, మరణశిక్షలో రాష్ట్రపతి క్షమాభిక్ష మిగిలుంటాయి.

అప్పీలులో నిర్దోషిగా బయటపడ్డవారికి పోగొట్టుకున్న ఏళ్లకు నష్టపరిహారం ఇచ్చే ప్రత్యేక చట్టం దేశంలో లేదు. అలాంటిది కావాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. బాధితురాలి విషయంలో మాత్రం చట్టం కొంత ముందుంది. నేరం రుజువు కాక ముద్దాయి విడుదలైనా ఆమెకు పునరావాసం అవసరమని కోర్టు భావిస్తే పరిహారానికి సిఫారసు చేయవచ్చు. 2007లో విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో పదకొండు మంది గిరిజన స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని చెప్పిన కేసులో, 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులను దర్యాప్తు లోపాల వల్ల విడిచిపెడుతూనే, ఆ స్త్రీలకు జిల్లా న్యాయసేవల సంస్థ ద్వారా పరిహారం చెల్లించమని ఆదేశించింది. అలాంటి విడుదల మీద అప్పీలు చేసుకునే హక్కు ప్రభుత్వంతో పాటు ఆ స్త్రీలకూ చట్టం ఇచ్చింది.